చీటీ మూలన గీసిన గిన్నె

గోడనున్న పాత ఫోను మూగబోయి అప్పటికి మూడు రోజులు. అయినా ఆ ఉదయం కూడా పాపాయి తల్లి గోడ తడుముకుంటూ వెళ్ళి రిసీవర్ ఎత్తి చెవికి ఆనించుకుంది.

"రోజూ ఇదే పనా అమ్మా? తీగలు పీక్కుపోయారని చెప్పానుగా," అంది పాపాయి, అద్దం ముందు జడ బిగించుకుంటూ.

"ఏమోనే, పొరపాటున మళ్ళీ కలిపారేమోనని."

"వాళ్ళు పొరపాటున బిల్లు రెండుసార్లు వేస్తారుగానీ, పొరపాటున లైను కలపరు."

తల్లి నవ్వి రిసీవర్ని గూట్లో పెట్టబోయింది. గూడు ఒకచోట ఉంటే చెయ్యి ఇంకోచోటికి పోయింది. రిసీవర్ జారి, తీగకు వేలాడుతూ గోడకు టకటకా కొట్టుకుంది. కిటికీ కింద బెంచీ దగ్గర కుట్టుమిషను విప్పుకుని కూర్చున్న తండ్రి ఆ చప్పుడుకు తల తిప్పలేదు. ఆయనకు వినపడలేదు.

పాపాయి అంటే పసిపిల్ల అనుకునేరు. ముప్పైనాలుగేళ్ళ మనిషి. ఊరి నిండా ఐదు బ్రాంచీలున్న ఫోన్ల షాపులో సీనియర్ సేల్స్. కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చేదీ ఆవిడే. షాపులో అందరికీ 'ట్రైనర్ అక్క'. ఇంట్లో మాత్రం ఇంకా పాపాయే. తండ్రి బట్టల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు మిషన్లు బాగుచేశాడు. నాలుగొందల మిషన్ల రొద ఆయన ఎడమ చెవిని పూర్తిగా, కుడి చెవిని సగానికి పైగా తినేసింది. చెవులు కాపాడుకోమని ఫ్యాక్టరీవాళ్ళు ముప్పయ్యేళ్ళలో ఇచ్చింది ఒక పొట్లం దూది. ఇప్పుడు కుడి చెవికి చెవిమిషను తగిలించుకుని ఇంటి ముందుగదిలోనే రిపేర్లు చేస్తాడు. కుట్టుమిషను బాగైందో లేదో చెవితో వినడు. దాని మెడ మీద రెండు వేళ్ళు ఆనించి తెలుసుకుంటాడు.

తల్లి కంటి పైపొర మసకబారి పద్నాలుగు నెలలు. చనిపోయినవాళ్ళెవరో దానమిచ్చిన పొర దొరికితే తెచ్చి కుట్టాలి. దానికి ఆస్పత్రిలో వరస ఉంది. వరసలో పేరు పైకొచ్చాక ఏ రోజైనా ఫోన్ రావచ్చు. వచ్చినప్పుడు ఎత్తాలి, రెండు గంటల్లో అక్కడుండాలి. ఎత్తకపోతే తర్వాతి పేరు. క్రితం వారమే చెప్పారు, "ఇప్పుడు మీదే మొదటి పేరండీ," అని.

"ఆస్పత్రివాళ్ళు పిలిస్తే ఎలాగే మరి?" అంది తల్లి.

"నా నంబరు ఉందిగా వాళ్ళ దగ్గర."

"నీ ఫోను షాపులో పెట్టెలో పెట్టి తాళం వేస్తారుగా."

వేస్తారు. ఫోన్లు అమ్మేవాళ్ళ ఫోన్లు భోజనాల వేళ దాకా లాకర్లో ఉండాలి. అదీ ఆ షాపు న్యాయం.

"ఈ ఆదివారం నాన్నకి ఫోన్ తెస్తా. ఖాయం."

"ఏ ఊరి ఆదివారమే అది? ఇక్కడికి రావడానికి దానికి దారి తెలీనట్టుంది."

"అబ్బా, అమ్మా! రేపే పిలుస్తారా ఏంటి?"

తండ్రి తలెత్తి ఇద్దరి పెదవుల వంకా మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయాడు. చెయ్యి చొక్కా జేబు మీదికి పోయి, అక్కడ ఒక్క క్షణం ఆగి, వెనక్కొచ్చి స్క్రూడ్రైవర్ పట్టుకుంది. జేబు కాస్త ఎత్తుగా ఉంది. కళ్ళద్దాల డబ్బీ అనుకుంది పాపాయి. అన్నం డబ్బా సర్దుకుని ఆరు మెట్లెక్కి వీధిలో పడింది. వాళ్ళ ఇల్లు వీధికి ఆరు మెట్ల కిందికి ఉంటుంది. వాన కురిస్తే నీళ్ళు అందులోకి వస్తాయిగానీ సిగ్నల్ రాదు. నాలుగు కంపెనీల్లో ఒక్క కంపెనీదే ఆ మెట్లు దిగుతుంది. ఆ సంగతి పాపాయికి బాగా తెలుసు.

నిజం చెప్పాలంటే ఆదివారాలు దొరక్క కాదు. లైను తీసేస్తున్నామని ఉత్తరం వచ్చిన రోజునే తండ్రి అడిగాడు. "ఫోనొకడిదీ, లైనొకడిదీ, ప్లాను ఇంకొకడిదీ అంటున్నారు. నాకేం అంతుపట్టట్లేదమ్మా. కాస్త కూర్చోబెట్టి చెప్పవూ?" అన్నాడు. "మీకెందుకు నాన్నా అవన్నీ, నేను తెస్తాగా," అంది. ఇంకోసారి అడిగాడు. అదే జవాబు. మూడోసారి అడగడం మానేసి, రెండు నెలల కిందట ఒక శనివారం తిన్నగా షాపుకే వచ్చేశాడు.

ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన క్యాలెండరు కాగితం, దాని వెనక ప్రశ్నలు. చెవులు వినపడనివాళ్ళకి తమ గొంతూ వినపడదు. మధ్యలో నిలబడి గట్టిగా చదివాడాయన. "మొదటి ప్రశ్న! మా ఇంట్లో బెంచీ దగ్గర కూర్చుంటే ఏ కంపెనీ సిగ్నల్ వస్తుంది?"

షాపంతా తిరిగి చూసింది. కొత్తగా చేరిన ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఎవరక్కా ఈ మైకు తాత?" అన్నాడొకడు.

పాపాయి ఆ క్షణంలో ఏమనాలి? మా నాన్నరా వెధవా, అనాలి. అనలేదు. "ఎవరో పెద్దాయన. నేను చూసుకుంటాలే," అంది. ఆయన ఎదుటికెళ్ళి, షాపు నవ్వు మొహానికి తగిలించుకుని, "చెప్పండి సార్," అంది.

పెదవులు చదవడంలో ఆయనకు ముప్పయ్యేళ్ళ అనుభవం. 'సార్' అన్న మాట కళ్ళతో చదివాడు. కూతురి మొహంలోకి చూశాడు. వెనక నవ్వుతున్నవాళ్ళ వైపూ చూశాడు. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న అడిగాక ఆవిడ అడ్డం వచ్చి, "మీరడిగే మోడల్ స్టాకు లేదు సార్, మళ్ళీ రండి," అంది. ఆయన కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలూ పెట్టాడు.

"మంచిది మేడమ్," అన్నాడు.

ఆ ఒక్క మాటా చిన్న గొంతుతో అన్నాడు. ఇంటికెళ్ళాక ఆయనా ఆ ఊసెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఆదివారం వచ్చిందంటే పాపాయికి ఏదో ఒక పని పడేది. ఫోన్ తెస్తే, ఆ కాగితం ముందేసుకుని ఆయన ఎదురుగా కూర్చోవాలి. కూర్చోడానికి మొహం చెల్లలేదు.

ఇక ఆ షాపు సంగతి. ఆరు కంపెనీల ఫోన్లు, నాలుగు కంపెనీల లైన్లు, ఒక్కో లైనుకి తొమ్మిదేసి ప్లాన్లు. అన్నీ ఒకేలా కనపడేటట్టు, ఏదీ అర్థం కాకుండా పోయేటట్టు రాసి గోడల నిండా అంటిస్తారు. అర్థం కాకపోవడం అక్కడ పొరపాటు కాదు, అదే సరుకు. తలుపు దగ్గర ఒకరు నిలబడి వచ్చినవాళ్ళని పలకరిస్తారు, ఏం కావాలో చీటీ మీద రాసి, టోకెన్ నంబరు వేసి చేతికిస్తారు. ఆ చీటీ పుచ్చుకుని వాళ్ళు కౌంటరుకెళ్తారు. చీటీ కింది మూలన ఒక్కోసారి చిన్న గుర్తుంటుంది. అరచందమామ బోర్లా కాకుండా వెల్లకిలా పడుకున్నట్టు ఒక గీత. అది గిన్నె. అంటే, ఈ మనిషి తలూపే రకం, ఎదురడగరు, ఏది పోస్తే అది పట్టుకుంటారు, అమ్ముడుపోని ఫోనూ రెండేళ్ళ కట్టుబాటూ కలిపి అంటగట్టొచ్చు, అని కౌంటరువాళ్ళకి కబురు.

ఆ గిన్నెని మూడేళ్ళ కిందట కనిపెట్టింది పాపాయే. పెద్దసారు భుజం తట్టి, ఐదు బ్రాంచీలవాళ్ళకీ నేర్పించమన్నాడు. నేర్పించింది.

ఆ ఉదయం కూడా పది దాటాక ఓ ముసలావిడ గిన్నె గుర్తున్న చీటీ పట్టుకుని పాపాయి ఎదుట కూర్చుంది. "నాకు ఫోన్ ఎత్తడం, పెట్టడం వస్తే చాలమ్మా," అంది. పాపాయి గడగడా చెప్పింది. ఆవిడ తలూపింది. నాలుగుచోట్ల సంతకం పెట్టించి, పొట్లం చేతికిచ్చి పంపింది. సరిగ్గా అదే వేళకి లాకర్లో పాపాయి ఫోను వెలిగి, వణికి, ఆరిపోయింది.

భోజనాల వేళ లాకర్ తీసి చూస్తే ఆస్పత్రి నంబరు. రెండుసార్లు. అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా తిరిగి చేసింది.

"మొదటి నంబరుకి మూడుసార్లు చేశామండీ, అందుబాటులో లేదు. రెండోది మీది, ఎవరూ ఎత్తలేదు. పదకొండింటికి తర్వాతి పేషెంటుని పిలిచేశాం," అంది అవతలి గొంతు.

"మొదటి నంబరంటే... ల్యాండ్‌లైనేగా? అది తీసేశారండీ."

"కాదండీ, మొబైలు. నాలుగు రోజుల కిందట మీ నాన్నగారే స్వయంగా వచ్చి మార్పించారు." నంబరు చదివింది. మొదటి నాలుగంకెలు వినగానే పాపాయికి అర్థమైపోయింది. తమ షాపువాళ్ళు గిన్నెల్లోకి పోసే కొత్త కంపెనీ అది.

"మళ్ళీ ఎప్పుడండీ?"

"చెప్పలేమండీ. పేరు మొదట్లోనే ఉంటుంది. పొర దొరకాలిగా."

కొంప మునిగింది. పాపాయి సెలవు కూడా అడగలేదు. బస్సులో నిలబడి ఇంటికి వస్తున్నంతసేపూ కోపం పొంగుతూనే ఉంది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోవడం ఇష్టం లేక తండ్రి మీద పెట్టుకుంది. మెట్లు దిగుతూనే మొదలుపెట్టింది.

"ఎవర్నడిగి కొన్నారు నాన్నా? ఎవరు కొనమన్నారు?"

తండ్రి సూది బిగిస్తున్నాడు. కూతురి మొహం చూసి లేచి నిలబడ్డాడు. తల్లి వంటింట్లోంచి గోడ పట్టుకుని వచ్చింది. "ఏమైందే? పగటిపూట వచ్చావేం?"

"ఆస్పత్రివాళ్ళు పొద్దున పిలిచారమ్మా! ఈయనగారి ఫోనుకి మూడుసార్లు చేశారట. నీ పొర ఇంకొకళ్ళకి పోయింది!"

తల్లి అక్కడే బల్ల అంచు తడుముకుని కూర్చుంది. ఒళ్ళో చేతుల వంక చూసుకుంది, చూపు ఆనకపోయినా.

తండ్రి జేబులోంచి చిన్న మూట తీశాడు. మిషన్లు తుడిచే పసుపుపచ్చ గుడ్డలో చుట్టి ఉంది ఫోను. గీత పడకుండా చుట్టుకున్నాడు. పాపాయి లాక్కుని చూసింది. వెనక తమ షాపుదే ఇంకో బ్రాంచీ స్టిక్కరు. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు.

"ఈ ఫోనా! ఈ లైనా! ఈ కంపెనీ సిగ్నల్ మన మెట్లు దిగదు నాన్నా. ఇది మీ చెవిమిషనుతో కలవదు కూడా. లాకు ఫోను, వేరే సిమ్ము వేస్తే పలకదు. రెండేళ్ళు ఇదే! అడగాలిగా! నోట్లో నాలుక లేదా మీకు?"

"నెమ్మదిగా అనమ్మా. అరిస్తే నీ పెదవులు అందట్లేదు."

ఆవిడ పళ్ళు బిగించి, ఒక్కో మాటా విడదీసి అంది. "ఎందుకు... అడగలేదు?"

"అడిగాను. ఆ అమ్మాయి గబగబా ఏదో చెప్పింది. 'ఏమన్నావమ్మా' అన్నాను. మళ్ళీ చెప్పింది. అప్పుడూ వినపడలేదు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. మూడోసారి అడగడానికి సిగ్గేసింది. తలూపాను." ఆగి, "ఇప్పటిదాకా దాంట్లో సిగ్నల్ లేదని నాకు తెలీదమ్మా. మోగలేదంటే ఎవరూ చెయ్యలేదనుకున్నాను. ఈ ఆదివారం నీకు చూపించి, నువ్వు తెచ్చే శ్రమ తప్పించానని చెబుదామనుకున్నా," అన్నాడు.

"మరి మా షాపుకే రావచ్చుగా? ఇంకో బ్రాంచీకెందుకు వెళ్ళడం?"

మాట నోరు దాటాకగానీ అదేం మాటో పాపాయికి తెలియలేదు.

తండ్రి ఆవిడ వైపు చూడలేదు. పక్కనున్న భార్య వైపు చూశాడు. "దాని బ్రాంచీలో రద్దీ ఎక్కువే. పనిలో ఉన్నదాన్ని కదిలించడమెందుకని..." అన్నాడు.

తల్లికి ఏమీ తెలియనివ్వకుండా కూతుర్ని వెనకేసుకొచ్చాడు. పాపాయికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడైనా నోరు విప్పుదామనుకుంది. ఈలోగా ఆయన బెంచీ సొరుగులోంచి కాగితాల కట్ట తీసుకొచ్చాడు. "అన్నీ దాచాను. చూడు, వెనక్కిచ్చే దారేమన్నా ఉందేమో. ఆ అమ్మాయిని మాత్రం ఏమీ అనకు. మంచి పిల్ల. తలుపు దగ్గర నన్ను చూస్తూనే నవ్వు బొమ్మ గీసి ఇచ్చింది."

"ఏం బొమ్మ?"

"ఇదిగో." చీటీ తీసి చూపించాడు. కింది మూలన, టోకెన్ నంబరు పక్కన, వెల్లకిలా పడుకున్న అరచందమామ. "ముసలాడు బెదిరిపోయాడు, కాస్త నవ్వుతాడని గీసి ఉంటుంది. పారెయ్యబుద్ధి కాలేదు."

పాపాయి చేతిలోకి తీసుకుంది. అది తన గీత. ఎడమ కొస కాస్త పైకి లేపాలని కొత్త పిల్లలకి తనే దిద్దించింది. వేరే గుర్తులతో కలవకూడదని.

మనిషికి సిగ్గు మొహంలోకి వస్తుందంటారు. పాపాయికి అరికాళ్ళలోంచి వచ్చింది. తలూపేవాళ్ళని కనిపెట్టే విద్య ఆవిడ ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. ఈ ఇంట్లోనే నేర్చుకుంది. చిన్నప్పటి నుంచి చూసింది. చుట్టాలు మాట్లాడుతుంటే, డాక్టరు చెబుతుంటే, ఇంటి యజమాని దబాయిస్తుంటే నాన్న తలూపేవాడు. వినపడనివాడు తలూపుతాడు. ఒప్పుకున్నాడని కాదు, ఇంకోసారి అడిగి చులకనవడం ఇష్టంలేక. ఆ సంగతి లోకంలో అందరికంటే ముందు తెలిసింది ఆవిడకి. తెలిసి ఏం చేసింది? దాన్నొక గుర్తుగా చేసి ఐదు బ్రాంచీలకి పంచింది.

కిందికి చూస్తూ గొణిగింది. "అది నవ్వు కాదు నాన్నా..."

"తలెత్తి చెప్పమ్మా. నాకు వినపడదు."

తల దించుకుని ఒప్పుకుని బయటపడే వీలు కూడా ఆయన ఎదుట లేదు. పాపాయి తలెత్తింది. కళ్ళలోంచి కారుతున్నా తుడుచుకోకుండా, పెదవులు కనపడేటట్టు, ఒక్కో మాటా చెప్పింది.

"అది నవ్వు కాదు నాన్నా. గిన్నె. ఈ మనిషికి ఏదైనా అంటగట్టొచ్చు, ఏదీ అడగడు అని గుర్తు. గీసింది ఆ పిల్ల. నేర్పింది నేను."

తండ్రి పెదవులు చదివాడు. సరిగ్గా చదివానా అన్నట్టు ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఆవిడ తలూపింది.

"అమ్మా, ఇంకోటి కూడా ఉంది," అంది పాపాయి. "నాన్న రెండు నెలల కిందటే మా షాపుకొచ్చారు. నలుగురూ నవ్వుతున్నారని, మా నాన్న అని చెప్పుకోలేదు నేను. సార్ అన్నాను."

తల్లే ముందుగా నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"నా కంటిదేముంది, ఇవాళ కాకపోతే ఇంకోనాడు ఎవరిదో పొర తెచ్చి కుడతారు. ఆయన నీ దగ్గరికి రావడానికి జంకాడే పాపాయ్, దాన్ని ఏం తెచ్చి కుడతావే?"

తండ్రి చీటీని బెంచీ మీద పరిచి, ముడత పోయేటట్టు బొటనవేలితో రుద్దాడు. "నవ్వే అనుకున్నాను," అన్నాడు. తలెత్తి అడిగాడు. "ఎంతమందికి గీశారు ఇలాంటివి?"

"తెలీదు నాన్నా. చాలామందికి."

"వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకళ్ళు ఫోను కోసం కాచుకుని కూర్చునే ఉంటారు కదమ్మా."

అంతే అన్నాడు. తిట్టలేదు. కొడితే బాగుండుననిపించింది పాపాయికి. ఆయన మళ్ళీ మిషను ముందు కూర్చుని, దాని మెడ మీద రెండు వేళ్ళు ఆనించి చక్రం తిప్పాడు. పొద్దున తను సంతకాలు పెట్టించుకుని పొట్లమిచ్చి పంపిన ముసలావిడ పాపాయి కళ్ళ ముందు మెదిలింది.

మర్నాడు పొద్దున్నే తండ్రీకూతుళ్ళు ఆ బ్రాంచీకి వెళ్ళారు. కొన్న వారంలోగా ఫోనూ కట్టుబాటూ రెండూ వెనక్కిచ్చెయ్యొచ్చు. ఆ నిబంధన కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. దాని గురించి ఎవరికీ చెప్పొద్దని కొత్తవాళ్ళకి నేర్పింది కూడా పాపాయే. ఆయన్ని రమ్మని తీసుకొచ్చింది తనేగానీ, పాపాయి కాళ్ళు మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాయి. ఆయన ముందు లోపలికెళ్ళాడు.

తలుపు దగ్గర పిల్ల కలం పట్టుకుని పలకరించింది. "రండి తాతగారూ, ఏం కావాలి?" చీటీ మీద రాస్తూ, అలవాటు చొప్పున మూలన గీత గీసేసింది.

తండ్రి చీటీ అందుకుని చూశాడు. మామూలుగా ఆయన గొంతు ఎంత పెద్దదో అంత పెద్దగా అన్నాడు. "ఇది నవ్వు కాదటగా అమ్మా."

వెనకే వచ్చిన పాపాయిని చూసి ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అక్కా... ఈయన మీకు..."

"మా నాన్న."

"నాకు తెలీదక్కా! నిజంగా తెలీదు. తెలిస్తే గీసేదాన్నా?" ఆ పిల్ల కలం మూసేసింది. "అయినా అక్కా, మీరు నేర్పిందేగా."

వరసలో తొమ్మిదిమంది ఉన్నారు, అందరి చేతుల్లోనూ చీటీలు. రెండు నెలల కిందట ఇలాంటి చూపులకే పాపాయి నోరు పడిపోయింది. ఇవాళ తండ్రి గొంతు ఎంతుందో అంత గొంతు తెచ్చుకుంది.

"అవును, నేనే నేర్పాను. ఏవండీ, మీ చీటీలు చూసుకోండి. కింది మూలన గిన్నెలా గీత ఉంటే, మిమ్మల్ని ఏమార్చొచ్చని అర్థం. ఆ గుర్తు పెట్టింది నేను. ఈయన మా నాన్న. ఆయనకే అంటగట్టారు, మా అమ్మకి కంటి ఆపరేషన్ తప్పిపోయింది. అర్థం కాకపోతే పదిసార్లు అడగండి. తలూపకండి. కొని వారం కాకపోతే వెనక్కి తీసుకుంటారు, తీసుకోమని అడగండి."

వరసలో చీటీలు తిరగబడ్డాయి. ఒకాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని మూల చూసుకున్నాడు. ఇంకొకావిడ తనది పక్కామెకి చూపించింది. లోపల్నుంచి బ్రాంచి సారు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? ముందు ఆఫీసు గదిలోకి రా. పెద్దసారుకి ఫోన్ చెయ్యమంటావా?"

"చెయ్యండి. గిన్నె గీసి ఎవరెవరికి అమ్మానో ఆ కాగితాలన్నీ కావాలని కూడా చెప్పండి. ఒక్కొక్కళ్ళకీ నేనే ఫోన్ చేస్తాను. నిన్నొచ్చిన పెద్దావిడతో మొదలుపెడతాను. ముందు మా నాన్నకి కొన్ని ప్రశ్నలున్నాయి, అవి అయ్యాక వస్తాను."

"పాపాయ్, ఇంతమందిలో ఎందుకులే," అన్నాడు తండ్రి మెల్లగా. మేడమ్ అనలేదు.

"కూర్చోండి నాన్నా. కాగితం తియ్యండి."

నాలుగు మడతలూ విప్పాడు. మడతల దగ్గర అక్షరాలు చెరిగాయి. బెంచీ దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ వస్తుంది? చెవిమిషనుతో కలిసే ఫోను ఏది? కంపెనీ నచ్చకపోతే ఫోను ఉంచుకుని సిమ్ము ఒక్కటే మార్చుకోవచ్చా? ఇవి మూడూ ఆవిడ ఇదివరకు విన్నవే. జవాబు చెప్పనివే. ఇప్పుడు చెప్పింది, ఆయన 'సరే' అని కాదు, 'అర్థమైంది' అనేదాకా. నాలుగోది, ఒక జీబీ అంటే గంటలా, రోజులా? వరసలో ఎవరో నవ్వారు, "నాకూ తెలీదండీ, గట్టిగా చెప్పమనండి," అన్నారు. ఆరోది, మీ అమ్మ తాకి గుర్తుపట్టే మీట ఏదైనా ఉంటుందా? తొమ్మిదోది దాటాక ఆయన కాగితం మడిచెయ్యబోయాడు. పాపాయి చెయ్యి అడ్డం పెట్టింది. పదోదీ చదివింది. ఆఖరుది, పదకొండోది, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంది.

ఇందులో పాపాయి గొంతు పాపాయి గొంతులాగే వినపడుతుందా?

ఆ ఒక్క ప్రశ్ననీ పాపాయి ఆఖరికి ఉంచింది. అంటగట్టిన ఫోను వెనక్కిచ్చి, మెట్లు దిగే కంపెనీ సిమ్ము వేసి, లాకు లేని వేరే ఫోనుని ఆయన చెవిమిషనుతో కలిపింది. కొత్త నంబరు ఆస్పత్రికి తన చేత్తోనే చేసి చెప్పింది, వాళ్ళ చేత తిరిగి చదివించుకుంది. అప్పుడు తన ఫోను తీసుకుని, అద్దం తలుపు తోసుకుని, రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంటు మీద నిలబడింది. అక్కడి నుంచి ఆయనకు తన మొహం కనపడదు. పెదవులు అసలే కనపడవు. నంబరు నొక్కింది.

అద్దంలోంచి ఆయన కనపడుతున్నాడు. ఫోను బల్ల మీద వణికింది. దాని వీపు మీద రెండు వేళ్ళు ఆనించాడు, కుట్టుమిషను మెడ మీద ఆనించినట్టే. తర్వాత ఎత్తాడు.

"నాన్నా," అంది పాపాయి.

ఆయన ఫోనుని చెవిమిషనుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి గొంతు ఎంత పెంచాలో తెలిసినట్టు, చిన్నగా అడిగాడు.

"ఏడుస్తున్నావా పాపాయ్?"

"లేదు నాన్నా."

"వినపడుతోందమ్మా," అన్నాడాయన.